కంప్యూటరు తెలుగు తీసుకోదా? ‘సి’ భాషనే సాక్ష్యానికి పిలుద్దాం

సరిహద్దు జిల్లాలలో తరతరాలుగా కాపురముంటున్న తెలుగువారికి కార్యాలయాల కిటికీల దగ్గర వినవచ్చే సమాధానాలు మూడు. మొదటిది, “చట్టం ఒప్పుకోదు.” ఆ మాటకు మనం జంకము, ఏ చట్టం, ఎన్నవ సెక్షను, చూపించండి అంటాము. రెండవది, “పైనుంచి ఉత్తర్వు లేదు.” దానికీ జంకము, పైవారికే విన్నపం పంపుతాము. మూడవది, “మీ అక్షరాలను కంప్యూటరు తీసుకోదు.” ఇక్కడ మాత్రం మనం తల వంచుకొని ఇంటిదారి పడుతున్నాము. కోలారులోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, సిరొంచలోనైనా ఇదే వరుస. యంత్రంతో వాదించేదెవరు? యంత్రానికి పక్షపాతం ఉండదు గదా అని మన నమ్మకం.

పాఠక మహాశయులారా, యంత్రానికి పక్షపాతం లేదన్నది నిజమే. అందుకే దానిని సాక్ష్యానికి పిలవవచ్చు. న్యాయస్థానంలో సాక్షి పేరు చెప్పి భయపెట్టినంత మాత్రాన చాలదు. సాక్షిని బోనెక్కించి ప్రశ్నించాలి. ఈ వ్యాసంలో నేను చేయబోయేది అదే. ఫైలులో ఒక అక్షరం వ్రాయడానికి కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞలలో అతి చిన్నదానిని, సి భాషలోని ఎఫ్‌పుట్‌సి అనే ఫంక్షన్‌ను, బోనెక్కిస్తాను. విచారణ ముగిసేసరికి తేలేది ఒకటే: పొరుగువారి అక్షరాన్ని వ్రాయగలిగిన ప్రోగ్రాము మన అక్షరాన్నీ అదే పనితో, అదే ఖర్చుతో వ్రాయగలదు. వ్రాయలేదంటే అది యంత్రం అశక్తత కాదు, మనిషి నిర్ణయం. నిర్ణయమైతే దానిని ప్రశ్నించవచ్చు.

సాక్షి స్వభావం

సి భాషను 1970ల ఆరంభంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించాడు. నేటికీ లినక్స్ వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం ప్రధానంగా ఈ భాషలోనే ఉన్నది. మన పిల్లలు ఇంజనీరింగు కళాశాలలలో, పాలిటెక్నిక్కులలో తొలుత నేర్చే భాషలలో ఇది ముఖ్యమైనది.

ఈ భాషలో ఫైలులోనికి సమాచారం పోయే మార్గాన్ని ‘స్ట్రీమ్’ అంటారు. మన మాటలో ప్రవాహం. కాలువలో నీరు వరుసగా పోయినట్లు, సంఖ్యలు ఒకదాని వెనుక ఒకటి ఫైలులోనికి పోతాయి. ఒక్కొక్క సంఖ్యను కాలువలో వదిలే తూము ఎఫ్‌పుట్‌సి. దీనికి ఇద్దరు తోబుట్టువులు ఉన్నారు. పుట్‌సి అదే పని చేస్తుంది, కాని మాక్రోగా ఉండవచ్చు. పుట్‌చార్ తెరమీదికి వ్రాస్తుంది. ముగ్గురి ధర్మమూ ఒకటే: ఇచ్చిన సంఖ్యను ఒక బైటులో పట్టేటట్లు చేసి వదలడం. మనం నిత్యం వాడే యంత్రాలలో బైటు అంటే ఎనిమిది బిట్లు. అందులో పట్టేవి 0 నుండి 255 వరకు, అనగా 256 విలువలు మాత్రమే.

పాఠ్యపుస్తకాలు ఎఫ్‌పుట్‌సి ‘ఒక అక్షరాన్ని వ్రాస్తుంది’ అని చెబుతాయి. సరిగ్గా ఇక్కడే మొదటి అభ్యంతరం లేవదీస్తున్నాను. అది వ్రాసేది అక్షరాన్ని కాదు, బైటును. రెండూ ఒకటే అయినది ఆంగ్లానికి మాత్రమే. 1963లో వెలువడిన ఆస్కీ సంకేతావళిలో ఉన్నవి 128 స్థానాలు. ఆంగ్ల వర్ణమాల, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని అదుపు సంకేతాలు అందులో అమరిపోయాయి. ఆంగ్లం వ్రాసేవారికి ఒక అక్షరం ఒక బైటు. ఆ సౌకర్యాన్నే సి భాష సార్వత్రిక సత్యంగా పేరు పెట్టుకొన్నది. అది ద్వేషంతో చేసిన పని కాదు. తమ ఇంటి గడపను కొలిచి ఊరందరికీ తలుపులు చేయించినటువంటి పని.

అక్షరం ఎక్కడికి పోయింది?

ప్రపంచ భాషల లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ ప్రమాణం తొలి సంచిక 1991లో వెలువడింది. తెలుగు అందులో మొదటినుండి ఉన్నది. తెలుగు అకారానికి కేటాయించిన సంఖ్య 3077. ఈ 3077ను ఎఫ్‌పుట్‌సికి ఇచ్చి చూడండి. అది 256 చేత భాగించి, శేషాన్ని మాత్రం ఉంచుకొంటుంది. శేషం 5. ఫైలులో పడేది 5. అది ఏ భాషలోనూ అక్షరం కాదు. పాత టెలిప్రింటర్ల కాలం నాటి ఒక అదుపు సంకేతం.

‘తెలుగు’ అన్న మాటనే ఇలా పంపుదాం. యూనికోడ్‌లో ఈ మాటకు ఆరు సంఖ్యలు: తకారం, ఎత్వం, లకారం, కొమ్ము, గకారం, మరల కొమ్ము. ఒక్కొక్కటిగా ఎఫ్‌పుట్‌సికి అందిస్తే ఫైలులో మిగిలేది ఏమిటో తెలుసునా? ఒక డాలరు గుర్తు, ఆంగ్ల ఎఫ్ అక్షరం, 2 అంకె, ఆంగ్ల ఏ అక్షరం, కంటికి కనబడని ఒక అదుపు సంకేతం, మరల ఏ. మన భాష పేరుకు ఆ తూము దగ్గర దక్కిన రూపం ఇది. ‘ఇ’ని పంపితే పాత యంత్రాలలో గంట మ్రోగించే సంకేతమవుతుంది. ‘ఈ’ని పంపితే ఒక అడుగు వెనుకకు జరిపే సంకేతమవుతుంది. ‘ఉ’ని పంపితే ఖాళీ జాగా, ‘ఊ’ని పంపితే కొత్త వరుస. ఊరి పేరు వ్రాయబోతే ఊకారం మాయమై వరుస విరిగిపోతుందన్న మాట.

ఇంతవరకు జరిగింది నష్టం. అసలు అన్యాయం దీని తరువాత ఉన్నది. ఎఫ్‌పుట్‌సి పని పూర్తి చేసిన తరువాత ఒక సమాధానం తిరిగి ఇస్తుంది. వ్రాయలేకపోతే ఈఓఎఫ్ అనే రుణ సంఖ్యను ఇస్తుంది. వ్రాయగలిగితే తాను వ్రాసిన విలువను ఇస్తుంది. 3077ను ఇచ్చినప్పుడు అది ఈఓఎఫ్ అనదు. 5 అంటుంది. అనగా, “మీరు చెప్పినది వ్రాశాను, ఏ లోపమూ లేదు” అని. అక్షరాన్ని పోగొట్టి, పని సవ్యంగా జరిగిందని ధ్రువీకరించిన గుమాస్తా వంటిది ఇది. ఇచ్చిన విలువను తిరిగి వచ్చిన విలువతో పోల్చి చూచే ప్రోగ్రామరు ఉంటే ఈ మోసం అక్కడికక్కడే బయటపడుతుంది. ఈఓఎఫ్ వచ్చిందా లేదా అని మాత్రమే చూచి ఊరుకొనేవాడికి ఎన్నడూ బయటపడదు.

పొరుగువారికీ ఇదే గతి

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ తూము తెలుగువారి మీద పగబట్టినది కాదు. కన్నడ అకారం సంఖ్య 3205. తమిళ అకారం 2949. ఒడియా అకారం 2821. మరాఠీ వ్రాసే దేవనాగరి అకారం 2309. వీటినీ ఎఫ్‌పుట్‌సికి ఇచ్చి చూడండి. ఒడియా, దేవనాగరి అకారాలు తెలుగు అకారం వలెనే 5 అవుతాయి. కన్నడ, తమిళ అకారాలు రెండూ 133 అవుతాయి. ఐదు లిపులు, ఐదు చరిత్రలు. మిగిలినవి రెండు అంకెలు. ఆ ఫైలు తెరచి ఇది ఎవరి అకారమో చెప్పగల పండితుడు లేడు.

కనుక బెంగుళూరు, చెన్నై, భువనేశ్వర్, ముంబయి నగరాలలో కూర్చొని తమ రాష్ట్ర భాషలో పత్రాలు ముద్రించే ప్రోగ్రాములు తయారు చేసేవారు ఈ తూమును ఇలా వాడలేరు. వాడితే వారి భాషే పోతుంది. వారు వేరొక మార్గం పట్టక తప్పదు. ఆ మార్గమేదో తెలుసుకొంటే మన వాదానికి ఆయువుపట్టు దొరుకుతుంది.

మార్గం 1992 నుండి ఉన్నది

ఆ మార్గం పేరు యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనేవారు రూపొందించారు. వారిద్దరూ సి భాష పుట్టిన ఆ బెల్ ప్రయోగశాలవారే. రోగం పుట్టిన ఇంటనే మందూ పుట్టింది. ఈ పద్ధతిలో ఆంగ్లాక్షరం ఎప్పటివలెనే ఒక బైటు. మన దేశపు ప్రధాన లిపులలోని వర్ణం ఒక్కొక్కటి మూడు బైటులు. తెలుగు అకారం 224, 176, 133 అనే మూడు సంఖ్యలవుతుంది. ఈ మూడింటినీ ఎఫ్‌పుట్‌సికి వరుసగా ఇస్తే, అది మూడింటినీ యథాతథంగా ఫైలులో వేస్తుంది. అక్షరం చెక్కుచెదరదు. అదే తూము, అదే కాలువ. పంపే పద్ధతి మాత్రమే మారింది.

ఇప్పుడు ఈ వరుసను జాగ్రత్తగా చూడండి. తెలుగు అకారం 224, 176, 133. కన్నడ అకారం 224, 178, 133. తమిళ అకారం 224, 174, 133. ఒడియా అకారం 224, 172, 133. దేవనాగరి అకారం 224, 164, 133. మొదటి సంఖ్య ఐదింటికీ ఒకటే. చివరి సంఖ్య ఐదింటికీ ఒకటే. తేడా అంతా నడిమి సంఖ్యలోనే. కన్నడ అకారానికీ తెలుగు అకారానికీ ఉన్న దూరం రెండంటే రెండు.

ఈ పద్ధతిలో కన్నడాన్ని కాలువలో వదలగలిగిన తూముకు తెలుగును వదలడానికి కొత్త మరలు అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు. 178ని పోనిచ్చే తూము 176ను ఆపదు. ఆపవలెనంటే ఎవరో ఒకరు పనిగట్టుకొని “ఈ అవధిలోని సంఖ్యలను అంగీకరించవద్దు” అని ప్రోగ్రాములో ఒక నిబంధన వ్రాయాలి. అటువంటి నిబంధన వ్రాసిన చేయి మనిషిది. వ్రాయమన్న నోరూ మనిషిది. వాటి వెనుక ఒక ఉత్తర్వు అయినా ఉండాలి, ఒక నిర్లక్ష్యమైనా ఉండాలి. ఉత్తర్వు ఉంటే దానిని సవాలు చేద్దాం. నిర్లక్ష్యమైతే దిద్దించుకొందాం. “కంప్యూటరు తీసుకోదు” అన్న మాటకు మాత్రం ఇక చోటు లేదు.

ఒక మినహాయింపు న్యాయంగా ఒప్పుకోవాలి. తెరమీద చూపడానికి, కాగితం మీద ముద్రించడానికి తెలుగు ఖతి కావాలి. టైపు చేయడానికి తెలుగు కీలక ఫలకపు అమరిక కావాలి. ఇవి ఫైలులో వ్రాయడానికి సంబంధించినవి కావు. పైగా నేటి కంప్యూటర్లలో, చేతి ఫోన్లలో ఇవి సులభంగా అమరుతున్నవే. ఖతి లేదన్న సాకుతో రికార్డులోనే వ్రాయననడం, కళ్ళజోడు మరచితినని చెప్పి దస్తావేజును చించివేయడం వంటిది.

ప్రమాణం ఏమంటున్నది?

యూటీఎఫ్-8లో ఉన్న మాటను మొత్తంగా వ్రాయడానికి ఎఫ్‌పుట్స్ అనే ఫంక్షన్ ఉన్నది. ‘తెలుగు’ అన్న మాటలోని పద్దెనిమిది బైటులనూ అది ఒక్కటీ పోకుండా ఫైలులో వేస్తుంది. ఇంతకంటె సులువైన దారి లేదు.

విడివిడి అక్షరాలుగానే వ్రాయవలెనన్నవారికి 1995లో సి ప్రమాణానికి చేసిన సవరణ ఎఫ్‌పుట్‌డబ్ల్యూసి అనే ఫంక్షన్‌ను ఇచ్చింది. దీనికి 3077 ఇస్తే అది శేషం తీయదు. పరిసరాన్నిబట్టి తగిన బైటులుగా మార్చి వ్రాస్తుంది. అంటే, మన లిపికి తగిన తూము సి భాషలో మూడు దశాబ్దాలుగా ఉన్నది. ఇది తెలియకపోవడం నేరం కాకపోవచ్చు. తెలియకపోవడాన్నే మన హక్కుకు అడ్డుగోడ చేయడం మాత్రం నేరం వంటిదే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది, మన పిల్లలు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి. ప్రతి సి ప్రోగ్రామూ మొదలయ్యేటప్పుడు ‘సి లొకేల్’ అనే కనీస పరిసరంలో మొదలవుతుంది. అది ఆంగ్లానికి సరిపోయే పరిసరం. వాడుకరి తన కంప్యూటరును తెలుగుకు అమర్చుకొన్నా సరే, ప్రోగ్రామరు సెట్‌లొకేల్ అనే ఆజ్ఞ ఇచ్చేదాకా ప్రోగ్రాము ఆ అమరికను పట్టించుకోదు. అప్పుడు ఎఫ్‌పుట్‌డబ్ల్యూసి తెలుగు అక్షరాన్ని వ్రాయలేకపోవచ్చు. ప్రమాణం ప్రకారం అది తన వైఫల్యాన్ని ప్రకటించాలి; కొన్ని వ్యవస్థలలో అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థక చిహ్నం పడుతుంది. పేరు ఉండవలసిన చోట ప్రశ్నార్థకాల వరుస చూచి, “చూశారా, మీ భాష పడటం లేదు” అంటారు. ఒక్క వరుస ఆజ్ఞ వ్రాయని లోపాన్ని ఒక భాష మీదికి నెట్టడం ఇది. విండోస్ వ్యవస్థలో దీనికి తోడు, ఫైలు తెరిచేటప్పుడే యూటీఎఫ్-8 అని పేర్కొనే ఏర్పాటు వేరుగా ఉన్నది. అదీ ఒక్క మాటతో అయ్యే పనే.

వెంకటలక్ష్మమ్మ పేరు ఎక్కడ తెగింది?

పేరు వ్రాసే గడి పొడవు దగ్గర రెండవ అన్యాయం జరుగుతుంది. ఒక ప్రోగ్రాములో పేరుకు ‘20 అక్షరాలు’ అని కేటాయించారనుకొందాం. సి భాషలో మామూలు పాఠానికి ఈ కొలత బైటులలో ఉంటుంది. వెంకటలక్ష్మమ్మ అన్న పేరును రోమన్ లిపిలో వ్రాస్తే 17 అక్షరాలు, 17 బైటులు, హాయిగా పడుతుంది. తెలుగులో అదే పేరుకు యూనికోడ్ సంఖ్యలు 14, బైటులు 42. ఇరవై బైటుల దగ్గర కత్తి పడితే ‘వెంకటల’ వరకు ఆరు సంఖ్యలు, అనగా 18 బైటులు మిగులుతాయి. మిగిలిన రెండు బైటులలో తరువాతి కకారం మూడింట రెండు వంతులు పడి, మూడవ వంతు బయట పోతుంది. ఆ తెగిన ముక్క ఏ అక్షరమూ కాదు. చూపే చోట నల్లని వజ్రపు గుర్తుగానో ఖాళీ పెట్టెగానో కనబడవచ్చు.

వెంకటలక్ష్మమ్మ వెంకటల అయితే నష్టమేమిటని అడిగేవారు ఉంటారు. జనన ధ్రువపత్రంలో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు, భూమి పట్టాలో ఒక పేరు ఉన్న కుటుంబాల కాగితాలు చూచినవారు అడగరు. ఈ నాలుగు పేర్లూ ఒకే మనిషివని నిరూపించడానికి అఫిడవిట్లు, సాక్షులు, వాయిదాలు. వారసత్వ వివాదంలో అవతలి పక్షం న్యాయవాదికి ఆ తెగిన పేరే ఆయుధం. తెగినది కకారం మాత్రమే కాదు. ఒక వృద్ధురాలి పింఛను కావచ్చు, ఒక పిల్లవాడి విద్యార్థి వేతనం కావచ్చు.

దీనికీ పరిహారం ఉన్నది. గడి పొడవును మూడు రెట్లకు తగ్గకుండా పెంచాలి. కోయక తప్పనప్పుడు వర్ణం మధ్యలో కోయకుండా, దాని సరిహద్దు చూచి కోయాలి. వెడల్పు అక్షరాల పాఠాన్ని బైటులుగా మార్చి వ్రాసేటప్పుడు సగం వర్ణాన్ని ఎన్నడూ వ్రాయరాదని సి ప్రమాణమే నియమం పెట్టింది. సగం అక్షరం వ్రాయడం తప్పని భాషకే తెలుసు. తెలియవలసినది దానిని వాడేవారికి.

ఆవకలో ముద్ర పడితే ఆజ్ఞ అయినట్లా?

మరొక్క సూక్ష్మం. ఎఫ్‌పుట్‌సి ‘వ్రాశాను’ అన్నప్పుడు ఆ బైటు సాధారణంగా డిస్కు దాకా పోదు. బఫర్ అనే తాత్కాలిక నిలువలో ఆగుతుంది. బఫర్ నిండినప్పుడు, లేదా ఎఫ్‌ఫ్లష్, ఎఫ్‌క్లోజ్ అనే ఆజ్ఞలు ఇచ్చినప్పుడు ముందుకు కదులుతుంది. ఈలోగా డిస్కులో చోటు లేకపోతే ఆ సంగతి ఎఫ్‌క్లోజ్ దగ్గర కాని తెలియకపోవచ్చు. ఎఫ్‌క్లోజ్ సమాధానాన్ని చూడని ప్రోగ్రాము, అర్జీ మీద ఆవక ముద్ర చూచి పని అయిపోయిందని సంబరపడే అమాయకుని వంటిది. మన పిల్లలు ప్రోగ్రాములు వ్రాసేటప్పుడు ఈ అమాయకత్వం పనికిరాదు. మన అర్జీల విషయంలోనూ పనికిరాదు.

ఎదుటి పక్షం వాదనలు

“సి పాత భాష, ఇప్పుడు అందరూ కొత్త భాషలు వాడుతున్నారు గదా” అంటారు. పైథాన్ భాషను నడిపే ప్రధాన ప్రోగ్రామే సి భాషలో వ్రాసినది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ వంటి దత్తాంశ నిధులూ సి భాషలో వ్రాసినవే. పై అంతస్తులకు ఎంత రంగు వేసినా పునాది మారదు. బైటును అక్షరమనుకొనే అలవాటు ఆ పునాదినుండి పైకి ప్రాకుతుంది.

“మునుపు ఒక బైటులోనే తెలుగు వ్రాశారు గదా, ఇప్పుడు మూడెందుకు” అనేవారు ఉన్నారు. వ్రాశారు, నిజమే. 1991 నాటి భారతీయ ప్రమాణమైన ఇస్కీలో అకారం ఒకే బైటు, 164. అయితే ఆ 164 తెలుగుకూ కన్నడకూ తమిళానికీ ఒడియాకూ ఉమ్మడి. అది ఏ లిపియో చెప్పే సంకేతం వేరుగా ఉండాలి. ఆ సంకేతం జారిపోతే ఎవరి అక్షరం ఎవరి లిపిలో కనబడుతుందో చెప్పలేము. ఇక ఒకప్పటి ప్రచురణ ఖతులు మన అక్షరాలను తలకట్లుగా, కొమ్ములుగా, వత్తులుగా ముక్కలు చేసి ఆంగ్లాక్షరాల స్థానాలలో కూర్చోబెట్టాయి. ఆ ఖతి లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని ఆంగ్లపు గీతలు. సరిహద్దు జిల్లాలో ఉన్నవారికి తమ లిపికి తమదైన సంఖ్య ఉండటం విలాసం కాదు, గుర్తింపు. మూడు బైటులు దానికి మనం చెల్లించే వెల. అది ఎక్కువేమీ కాదు.

“పేరు ఇంగ్లీషులో వ్రాసుకొంటే పోదా” అనేది చివరి వాదన. రోమన్‌లో వ్రాసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. తెలుగులో వ్రాయడానికి వీలులేదనడమే అభ్యంతరం. ‘ళ’ను ‘ల’గా, ‘ణ’ను ‘న’గా, ‘ఠ’ను ‘త’గా మార్చుకొని బ్రతకమనే హక్కు ఎవరికి ఉన్నది?

చట్టం ఎక్కడ నిలుస్తుంది?

రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఖండం, విశిష్టమైన భాషగాని లిపిగాని సంస్కృతిగాని ఉన్న ఏ పౌర సముదాయానికైనా వాటిని కాపాడుకొనే హక్కు ఉన్నదని ప్రకటించింది. ‘లిపి’ అన్న మాటను రాజ్యాంగ నిర్మాతలు ప్రత్యేకంగా వేశారని గమనించండి. 350వ అధికరణం, బాధా నివారణ కోరుతూ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇచ్చుకొనే హక్కునిచ్చింది. యానాంలో పరిస్థితి ఇంకా మెరుగు. 1965 నాటి పాండిచ్చేరి అధికార భాషా చట్టం అక్కడ తెలుగుకు చోటిచ్చింది. ఈ అధికరణాలు ప్రతి రిజిష్టరూ తెలుగులో ఉండాలని శాసిస్తాయని నేను అనను; అలా అంటే చట్టాన్ని సాగదీసినట్లవుతుంది. తెలుగులో ఇచ్చిన విన్నపాన్ని కంప్యూటరు మీద నెపం పెట్టి త్రోసిపుచ్చడానికి మాత్రం ఇవి అవకాశమివ్వవని నా నిశ్చితాభిప్రాయం. విన్నపం స్వీకరించే హక్కు కాగితం మీద ఉండి, దానిని ఎక్కించే గడి 0 నుండి 127 వరకే ఉంటే, హక్కు ఇచ్చి చేయి నరికినట్లే.

మనం చేయవలసినది

మీ ఇంట సి భాష చదువుకొంటున్న బిడ్డ ఉంటే, ఈ సాయంత్రమే ఎఫ్‌పుట్‌సికి 3077 ఇచ్చి తిరిగి వచ్చిన విలువను తెరమీద చూపమనండి. 5 కనబడుతుంది. తరువాత 224, 176, 133 సంఖ్యలను వరుసగా వ్రాసి ఫైలును యూటీఎఫ్-8గా తెరవమనండి. అకారం కనబడుతుంది. నడిమి సంఖ్యను 178 చేయమనండి. కన్నడ అకారం కనబడుతుంది. ఈ మూడు మెట్ల ప్రయోగం పది ఉపన్యాసాల పెట్టు.

అధ్యాపకులుగా ఉన్న సోదరులకు ఒక మనవి: ఎఫ్‌పుట్‌సి ‘అక్షరం వ్రాస్తుంది’ అనకండి, ‘బైటు వ్రాస్తుంది’ అనండి. ఆ ఒక్క మాట దిద్దితే రేపటి ప్రోగ్రామరు గడి పొడవు నిర్ణయించేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు.

కార్యాలయంలో “కంప్యూటరు తీసుకోదు” అన్న సమాధానం వస్తే అది వ్రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద మూడు ప్రశ్నలు అడగండి. మీ ప్రోగ్రాము ఏ సంకేత పద్ధతిలో ఫైలు వ్రాస్తుంది? పేరు గడికి ఎన్ని బైటులు కేటాయించారు? తెలుగు లిపిని అంగీకరించరాదని ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని సంఖ్య, తేదీ ఏమిటి? సాధారణంగా ముప్పది దినాలలో సమాధానం ఇవ్వాలి. ఒక హెచ్చరిక: ఆ చట్టం 6వ సెక్షను ప్రకారం దరఖాస్తు ఆంగ్లంలోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలి. కాబట్టి కోలారులో కన్నడంలో, హోసూరులో తమిళంలో వ్రాయించండి. పొరుగు భాష మనకు పరాయిది కాదు. మన అక్షరం ఎక్కడ ఆగిందో ఆ భాషలోనే నిలదీయవచ్చు.

సమాధానం ‘యూటీఎఫ్-8’ అని వస్తే సగం గెలిచినట్లే. తెలుగు పట్టదన్న మాట అబద్ధమని వారే సంతకం చేసి ఇచ్చినట్లు. సమాధానం వేరొకటి వస్తే, వారి రాష్ట్ర భాషకూ అదే ముప్పు పొంచి ఉన్నదని చూపించి, ఆ భాషాభిమానులనే వెంటబెట్టుకొని పోదాం. 176, 178, 174, 172, 164 పక్కపక్కన నడిచే సంఖ్యలు. ఆ లిపులవారు ఒకే బల్ల ముందు పక్కపక్కన నిలబడితే, కంప్యూటరు పేరు చెప్పి ఎవరినీ వెనక్కి పంపలేరు.

సాక్షి తన వాఙ్మూలం ఇచ్చింది: బైటులు సరిగా అందిస్తే నేను ఏ భాషనూ కాదనను అని. ఇక సమాధానం చెప్పవలసినవారు, బైటులు అందించవలసిన మనుషులు.